కాలువ ఊడ్చిన రోజు

అక్క పోయిన రోజు పడింది పెద్ద వానేం కాదు. అంతకు మించిన వానలను మా వీధి చాలా చూసింది. మా చిన్నప్పటి వానలు రాత్రంతా కురిసినా తెల్లారేసరికి గుమ్మం ముందు కాస్త బురద మిగిల్చి వెళ్ళిపోయేవి. ఆ రోజు బడి వదిలే వేళకు చినుకులు మొదలయ్యాయి. పిల్లలను వరండాలో ఆపి, జోరు తగ్గాక ఒక్కొక్కరినే పంపాను. నేను ఇంటిదారి పట్టేసరికి వాన వెలిసి ఎండ కూడా వచ్చింది. నీళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

మా ఇల్లు వీధి చివర, పల్లంలో ఉంటుంది. వీధి మట్టానికి కిందుగా ఒక గది, దాని మీద మేముండే ఇల్లు. కింది గదిలో అక్క బట్టలు కుట్టేది. బడులు తెరిచిన రోజులు కావడంతో గది నిండా మా బడి పిల్లల యూనిఫారాలే. కుట్టడం అయినవాటిని కట్టలు కట్టి నేల మీద పేర్చింది. మెట్ల మీదుగా నీళ్ళు దిగడం చూసి, ఆ కట్టలను బల్ల మీదికి ఎక్కిద్దామని లోపలికి వెళ్ళింది. ఆ తలుపు బయటికి తెరుచుకునే తలుపు. మెట్ల కింద నీళ్ళు నిండి తలుపును బిగించేశాయి. వీధి మట్టాన ఉన్న కిటికీలోంచి నీళ్ళు లోపలికి పడుతూనే ఉన్నాయి. బావ బయట నిలబడి తలుపు లాగాడు. బావ లిఫ్టు మెకానిక్, చేతుల్లో బలం ఉన్న మనిషి. పిడి ఊడి చేతికి వచ్చింది.

ఇంతకు మించి ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు.

బల్ల మీదికి ఎక్కిన కట్టలు తడవలేదు. ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం. ఆ చొక్కాలు తొడుక్కున్న పిల్లలు ఇప్పటికీ నా తరగతిలో కూర్చుంటారు. హాజరు పిలిచేటప్పుడు నేను ముఖాలే చూస్తాను, చొక్కాలు చూడను.

అంత చిన్న వానకు అన్ని నీళ్ళు ఎందుకు వచ్చాయన్నది తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మా వీధికి ఎగువన ఒక మిట్ట ఉంది. ఒకప్పుడు దాని నిండా ముళ్ళపొదలు, పిల్లలు బంతాట ఆడుకునే మట్టి నేల. ఎంత వానైనా ముందు ఆ మట్టి తాగి, మిగిలింది మాకు పంపేది. ఆ మిట్ట మీద అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ముందంతా కార్ల కోసం రాళ్ళు పరిచారు. రాయి నీళ్ళు తాగదు.

ఇలాంటి వాటికి మున్సిపాలిటీలో ఒక నిబంధన ఉంది. అంత పెద్ద స్థలంలో కట్టేవాళ్ళు తమ కప్పుల మీదా, రాళ్ళ మీదా పడ్డ వాన నీటిని తమ స్థలంలోనే గుంట తవ్వి ఆపాలి. ఆ గుంటలోంచి మెల్లమెల్లగా కాలువలోకి వదలాలి. అయితే దిగువన ఉన్న కాలువ సరిపోతుందని మున్సిపల్ ఇంజనీరు చెబితే, కమిటీ వారు గుంట అక్కర్లేదని మినహాయింపు ఇవ్వవచ్చు. మొదటి అపార్ట్‌మెంట్లకు అలాగే ఇచ్చారు. ఆ దిగువన ఉన్న కాలువ మా వీధి కాలువే. ఇప్పుడు ఆ పక్కనే రెండో వరస కడతామని, దానికీ మినహాయింపు కావాలని అడుగుతున్నారు.

కడుతున్నది పెద్దమేస్త్రీ. తాపీ పట్టుకుని మొదలుపెట్టి బిల్డరైన మనిషి. ఆ పేరే ఆయనకు నిలిచిపోయింది. ఒక సెలవు రోజు పొద్దున మా ఇంటికి వచ్చాడు. వస్తూనే గోడను వేళ్ళతో తట్టి చూశాడు.

"చెమ్మ ఇంకా పోలేదే పెద్దమ్మగారూ."

"పోదు నాయనా," అంది అమ్మ. "పోయేదైతే ఈపాటికి పోయేది."

బావ టీ తెచ్చి ఇచ్చాడు. వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని ఆ టీ ఇచ్చిన తీరులోనే నాకు అర్థమైంది. పెద్దమేస్త్రీ అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు చూసేది బావే.

"సంగతేంటంటే పెద్దమ్మగారూ, ఇంటికి ఇల్లు. ఈ ఇల్లు నాకివ్వండి. రెండో వరసలో నాలుగో అంతస్తు ఫ్లాటు మీకు. పైన నాకేం ఇవ్వక్కర్లేదు. మీకు జరిగింది చూసి నాకూ కడుపు తరుక్కుపోతోంది."

అమ్మ నా వైపు చూడలేదు. "నాలుగో అంతస్తంటే లిఫ్టు ఉంటుందిగా?"

"అల్లుడుగారే బిగిస్తారు. ఇంకేం కావాలి!"

అమ్మ ముఖంలో చాన్నాళ్ళకు ఒక రకమైన వెలుగు చూశాను. ఈ ఇంట్లో ఆమె వంటగదికి వెళ్ళాలంటే కిందికి దిగే మెట్ల పక్క నుంచే వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ ముఖం గోడ వైపు తిప్పుకుంటుంది.

"ఒక్కటే చిక్కు," అన్నాడు పెద్దమేస్త్రీ. "వాళ్ళు గుంట తవ్వమంటే మాత్రం మీ ఫ్లాటు ఉండే బ్లాకు లేదు. గుంటకు పనికొచ్చే పల్లం అక్కడే ఉంది. స్థలమేమన్నా రబ్బరా, లాగితే సాగడానికి? కమిటీలో మీ వీధి వాళ్ళెవరూ అడ్డుచెప్పకపోతే మినహాయింపు మామూలుగానే వచ్చేస్తుంది."

నేను అడిగాను. "ఈ ఇల్లు తీసుకుని ఏం చేస్తారు?"

"ఏముంది టీచరమ్మా, పనివాళ్ళ కుటుంబాలున్నాయి. రేకుల షెడ్లలో పడి ఉంటున్నారు పాపం. పైన కొందరు, కింది గదిలో ఒక కుటుంబం సర్దుకుంటారు."

"కింది గదిలోనా?"

"గదికేం, బ్రహ్మాండంగా ఉందిగా. తలుపు కొత్తది పెట్టిస్తా."

బావ చేతిలోని కప్పు పళ్ళెం మీద పెట్టాడు. పెద్ద చప్పుడే అయింది. పెద్దమేస్త్రీ తానేమన్నాడో తెలుసుకుని నాలుక కరుచుకున్నాడు. కాసేపు ఏవో మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

బావ ఒకప్పుడు నన్ను "మరదలు పిల్లా" అని పిలిచేవాడు. నా జడ గురించీ, నా చాక్‌పీసు చేతుల గురించీ ఏదో ఒకటి అనకుండా అన్నం తినేవాడు కాదు. అక్క ఊరుకునేది కాదు. "లిఫ్టు మనిషివి, పైకీ కిందికీ తప్ప ఏ పనీ సూటిగా చేయవు," అనేది. అక్క పోయాక బావ నన్ను "టీచరుగారూ" అంటున్నాడు. మీరు అంటున్నాడు.

"టీచరుగారూ," అన్నాడు ఆ పూట. "మీరు కమిటీకి వెళ్తారా?"

"వెళ్ళాలనే ఉంది బావా."

"వెళ్ళి?"

"గుంట తవ్వమని అడుగుతాను."

"అంటే ఇక్కడే ఉందామంటారు. మళ్ళీ వానాకాలం ఇక్కడే."

"గుంట తవ్వితే నీళ్ళు ఇక్కడిదాకా రావు."

"వాళ్ళు తవ్వేదెప్పుడు, నీళ్ళు ఆగేదెప్పుడు? నా కూతురు ఆ నీళ్ళ చప్పుడు వింటూ పడుకుంటోంది. మీకది తెలుసా?"

తెలుసు. పాప నా పక్కనే పడుకుంటుంది. అమ్మ అందుకుంది:

"చిన్నదానా, ఊరి సంగతి ఊరివాళ్ళు చూసుకుంటారు. నన్ను పైకి తీసుకుపోండి. నాకింకేం వద్దు."

"మన వెనకాల కింది గదిలోకి వచ్చేవాళ్ళో అమ్మా?"

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళింది, ముఖం గోడ వైపు తిప్పుకుని.

ఇంజనీరు కాలువ చూడటానికి వస్తారని కబురు వచ్చింది. మొదటిసారి కాగితం మీదే ఒప్పుకున్నారు. ఈసారి ఒక మనిషి పోయింది కాబట్టి పరీక్ష పెడతారట. మిట్ట మీద ట్యాంకరు నిలబెట్టి నీళ్ళు వదులుతారు. కాలువ వాటిని పొంగకుండా మోసుకుపోతే సరిపోయినట్టు.

ముందు రోజు సాయంత్రం బడి నుంచి వస్తూ వీధి మొదట్లోనే ఆగిపోయాను. వీధి వీధంతా కాలువలో ఉంది. పారలు, గమేళాలు, చీపుళ్ళు. ఇస్త్రీ బండి అతను పంచె ఎగ్గట్టి కాలువలోకే దిగాడు. ఎన్నాళ్ళనాటిదో పూడిక, పాలిథిన్ సంచులు, ఒక చెప్పు, ఎవరిదో విరిగిన కుర్చీ కాలు గట్టు మీద గుట్టగా పోసి ఉన్నాయి. కిరాణా కొట్టు బాబాయి గోడకు చేరగిలబడి పెత్తనం చేస్తున్నాడు.

"ఏమిటి బాబాయ్ ఇది?"

"ఏమిటంటావేంటమ్మా? ఆఫీసర్లు వస్తున్నారు. ఇంటికి మనిషొస్తే గుమ్మం ఊడ్చుకోమా? ఈ కంపు చూస్తే మన గురించి ఏమనుకుంటారు?"

"వాళ్ళు చూడటానికి వస్తున్నది ఈ కాలువనే బాబాయ్."

"అందుకేగా ఊడుస్తోంది!"

ఇస్త్రీ అతను కాలువలోంచి తల పైకెత్తి, "పెళ్ళిచూపులు కదమ్మా, పిల్లకి పౌడరు రాయాలి," అన్నాడు. అందరూ నవ్వారు. వీధి నవ్వి చాలా రోజులైంది. ఆ నవ్వు ఆపడానికి నాకు నోరు రాలేదు. అయినా అన్నాను:

"మురికి ఉండనివ్వండి. ఉన్నది ఉన్నట్టు చూడనివ్వండి."

"బావుంది. పరువు తక్కువ కదమ్మా!" అన్నాడు బాబాయి. ఆ మాటతో అది తేలిపోయింది.

అప్పుడు చూశాను, కాలువ మలుపు దగ్గర పార పట్టుకుని ఉన్నది బావ. చొక్కా విప్పి నడుముకు చుట్టుకున్నాడు. నన్ను చూసి పార ఆపలేదు.

"వీళ్ళను పిలిచింది నువ్వేనా?"

"నేనే."

"పరువు కోసమేనా?"

"వాళ్ళకి పరువు కోసం," అన్నాడు గొంతు తగ్గించి. "నాకు నాలుగో అంతస్తు కోసం. దాచడం దేనికి?"

మర్నాడు ఇంజనీరు వచ్చింది. నా వయసే ఉంటుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెద్దమేస్త్రీ ఆమె పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు; ఎండకి. పైన ట్యాంకరు గొట్టం విప్పారు. నీళ్ళు రాళ్ళ మీద జారి, మలుపు తిరిగి, మా కాలువలోకి వచ్చాయి. పొలంలోకి వదిలిన నీళ్ళలా బుద్ధిగా వచ్చాయి. కాలువలో సగమైనా నిండలేదు. మా ఇంటి ముందు నుంచి మెరుస్తూ వెళ్ళిపోయాయి.

"చూశారా మేడమ్, గటగటా తాగేసింది!" అన్నాడు పెద్దమేస్త్రీ.

ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ముందురోజు పడ్డ కష్టానికి ఆ చప్పట్లు.

ఇంజనీరు వంగి కాలువ లోపలికి చూసింది. "ఇంత శుభ్రంగా ఉందే. ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

బాబాయి ముందుకు వచ్చాడు. "ఎప్పుడూ ఇంతేనండీ. మా కాలువ అద్దం! మీరు ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

నేను నోరు తెరిచేలోపు ఆమె తల ఊపి ముందుకు నడిచింది. ఆమె వెనకే వెళ్దామనుకున్నాను. అప్పుడే మా ఇంటి పై కిటికీ ఠపీమని మూసుకుంది. నీళ్ళ చప్పుడు విని పాప మూసింది. నేను లోపలికి పరుగెత్తాను. చెవులు మూసుకుని మంచం మీద కూర్చుని ఉంది. నేను బయటికి వచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది.

కమిటీ ముందురోజు సాయంత్రం పాప లెక్కలు చేసుకుంటూ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"నాలుగో అంతస్తుకి నీళ్ళు రావు కదా పిన్నీ?"

"రావు."

"మరి నువ్వెందుకు వద్దంటున్నావు?"

"మనం వెళ్ళాక కింది గదిలోకి ఇంకెవరో వస్తారు. వాళ్ళకీ పిల్లలుంటారు."

"వాళ్ళకి చెప్పి వెళ్దాం. వాన పడితే దిగొద్దని."

"మీ అమ్మకి మనం చెప్పలేదా?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. పిల్లలతో ఏది అనవచ్చో ఏది అనకూడదో తెలిసి బతుకుతున్నదాన్ని. పాప పెన్సిలు పక్కన పెట్టింది. ఏడవలేదు. "నువ్వు వెళ్తే నాన్న నీతో మాట్లాడడు," అంది.

"తెలుసు."

"నేను మాట్లాడతాలే," అని మళ్ళీ లెక్కల్లో పడింది.

కమిటీ హాలులో ఫ్యానులు తిరుగుతున్న చప్పుడుకు ముందు వరసలో మాట్లాడేది వెనక వరసకు వినపడదు. వినపడకపోయినా ఎవరూ అడగరు. అక్కడి పద్ధతి అది: ఛైర్మన్ ఒక్కో అంశం చదువుతాడు, "అభ్యంతరాలున్నాయా" అంటాడు, ఆ ప్రశ్న ముగియకముందే "లేవు" అని తానే అనుకుని తర్వాతది చదువుతాడు. అందుకని నేను ముందే లేచి నిలబడ్డాను. రెండు అంశాలపాటు ఊరికే నిలబడే ఉన్నాను. ఛైర్మన్ కళ్ళజోడు మీదుగా చూశాడు.

"కూర్చోండమ్మా. కుర్చీలున్నాయి."

"నాది తర్వాతది అండీ. మర్చిపోతారేమోనని."

ఎవరో నవ్వారు. ఒక పక్క బావ, పెద్దమేస్త్రీ పక్కపక్కన కూర్చున్నారు. వాళ్ళ వెనక బాబాయి, చలవ చొక్కా వేసుకుని.

మా అంశం చదివారు. ఇంజనీరు లేచి తాను చూసింది చెప్పింది: నీళ్ళు వదిలాం, కాలువ మోసింది, పొంగలేదు. ఛైర్మన్ నా వైపు తిరిగాడు.

బడిలో మాట్లాడినట్టు మాట్లాడకూడదని ముందే అనుకున్నాను. "ట్యాంకరు నీళ్ళు ఒక గొట్టంలోంచి వచ్చాయండీ," అన్నాను. "వాన అలా రాదు. మిట్ట మొత్తం మీద ఒకేసారి పడుతుంది. ఇంకొకటి, ఆ కాలువను ముందురోజు ఊడ్చారు. మామూలుగా అందులో సగానికి పూడికే ఉంటుంది. ప్రశ్నలు ముందే చెప్పి పరీక్ష పెడితే మా బడిలో అందరికీ వందకి వందే వస్తాయి."

ఇంజనీరు ముఖం మారింది. "ఊడ్చిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎప్పుడూ అలాగే ఉంటుందన్నారు."

"ఎవరన్నారు?" అన్నాడు ఛైర్మన్.

ఇంజనీరు హాలంతా చూసి బాబాయిని గుర్తుపట్టింది. బాబాయి లేచాడు. నా వైపు చూశాడు, ఛైర్మన్ వైపు చూశాడు. అంతమంది పెద్దమనుషుల ముందు తన వీధి మురికిదని చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"అద్దమేనండీ," అన్నాడు. గొంతు మాత్రం లేవలేదు.

పెద్దమేస్త్రీ లేచి చేతులు జోడించాడు. "టీచరమ్మ బాధలో ఉన్నారండీ. నేనేం అనను. మా ఇంటి ఆడపడుచులాంటిది."

కమిటీలో ఒక సభ్యుడు అప్పటిదాకా ఏదో చదువుకుంటున్నాడు. తల ఎత్తి, ఓదార్పుగానే అన్నాడు. "చూడండమ్మా, పోయినసారి జరిగిందానికీ కాలువకీ సంబంధం లేదు. అది నేను అప్పుడే విచారించాను. ఆవిడ నీళ్ళొస్తున్నాయని భయపడి లోపల తలుపు వేసుకుంది. వేసుకోకుండా ఉంటే—"

"ఆవిడ తలుపు వేసుకోలేదు."

బావ లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. పెద్దమేస్త్రీ బావ చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. బావ కూర్చోలేదు.

"మీరెవరు?" అన్నాడు ఛైర్మన్.

"ఆవిడ మొగుణ్ణి. ఆవిడ తలుపు వేసుకోలేదండీ. నీళ్ళు వేశాయి. నేను బయటే ఉన్నాను. లోపల్నించి నెడుతోంది. నేను బయట్నించి లాగుతున్నాను. ఇద్దరం ఒకే తలుపు... ఇటు పక్కకే." బావ చేతులతో చూపించాడు. చేతులు అక్కడే గాలిలో ఆగిపోయాయి. "వేసుకుందని ఎవరు చెప్పారు మీకు?"

ఆ సభ్యుడు మళ్ళీ తన కాగితాల్లోకి చూశాడు. ఫ్యానుల చప్పుడే.

"కాలువ ఊడ్పించింది కూడా నేనే," అన్నాడు బావ. "రెండు బండ్ల పూడిక తీశాం. బాబాయికి పరువు ఎక్కువ, ఆయన్నేం అనకండి."

బాబాయి మెల్లగా కూర్చున్నాడు. పెద్దమేస్త్రీ బావ చొక్కా వదిలేశాడు.

కమిటీ వారు దగ్గర దగ్గరగా తలలు పెట్టి మాట్లాడుకున్నారు. మినహాయింపు ఇవ్వరనే అనుకున్నాను. ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"పరీక్ష సరిగ్గా జరగలేదని అర్థమవుతోంది. ట్యాంకర్లు, గీంకర్లు వద్దు. ఎలాగూ వానలు దగ్గరపడ్డాయి. మొదటి పెద్ద వానకి ఇంజనీరుగారు స్వయంగా వెళ్ళి, నీళ్ళు ఎలా పోతున్నాయో కళ్ళారా చూసి చెప్తారు. గుంట కావాలా అక్కర్లేదా అప్పుడు చూద్దాం. అంతవరకు వాయిదా."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

"అప్పుడు కింద మేముంటాం కదండీ," అన్నాను.

"ఉండండమ్మా. ఇంజనీరుగారు కూడా ఉంటారుగా."

"ఉండి ఏం చేస్తారు?"

"చూస్తారు," అన్నాడు ఛైర్మన్, చిన్నపిల్లకు చెప్పినట్టు. కళ్ళజోడు సర్దుకుని తర్వాత అంశం చదివాడు. అది బస్సు స్టాపులో బెంచీల సంగతి.

ఇంజనీరు నా వైపే చూస్తూ ఉంది. ఏదో చెప్పబోయి, బెంచీల గురించి ఎవరో అడిగితే అటు తిరిగింది.

బయట మెట్ల మీద పెద్దమేస్త్రీ బావను ఆపాడు. కోపంగా ఏమీ లేడు. "లిఫ్టుల పని నీదే. దానికేం ఢోకా లేదు. ఫ్లాటు మాట మాత్రం ఇక నన్ను అడగకు," అన్నాడు. బావ తల ఊపాడు.

ఇద్దరం నడిచి వచ్చాం.

"సంతోషమేనా?" అన్నాడు బావ.

"లేదు బావా."

"నాకూ లేదు." ఇంకొంచెం నడిచాక అన్నాడు. "నువ్వు లేవకపోతే వాళ్ళు మినహాయింపు ఇచ్చేసేవాళ్ళు. నేను లేవకపోయినా ఇచ్చేసేవాళ్ళు. ఇద్దరం కలిసి చక్కగా ఎటూ కాకుండా చేశాం."

నన్ను నువ్వు అన్నాడని నాకు ఇంటికి వచ్చాకే తట్టింది.

అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏమన్నారు?"

"వాన పడ్డాక చూస్తామన్నారు," అన్నాడు బావ.

"వాన పడ్డాక చూడటానికి వాళ్ళెందుకు? మనం చూశాంగా," అంది అమ్మ. అని లోపలికి వెళ్ళి, అల్మరా కింది అరలో ఉన్న బట్టలు పై అరలోకి సర్దడం మొదలుపెట్టింది.

బావా నేనూ ఆ వారమే కుట్టు మిషన్లను పైకి చేర్చాం. కింది గదికి తాళం వేశాం.

ఇప్పుడు వీధిలో తగువు ఇంకొకటి. మేం తీసి గట్టు మీద పోసిన పూడికను ఎవరూ ఎత్తించలేదు. వచ్చే పోయే బళ్ళకి అది కొంచెం కొంచెంగా మళ్ళీ కాలువలోకే జారింది. ఆకులు, సంచులు దాని మీద చేరాయి. నిన్న సాయంత్రం కిరాణా కొట్టు ముందు అందరూ పోగయ్యారు.

"ఊడ్చేద్దాం," అన్నాడు ఇస్త్రీ అతను. "పరీక్షా గిరీక్షా నాకు తెలీదు. నా ఇంట్లో చంటిబిడ్డ ఉంది."

"ఊడిస్తే నీళ్ళు పోతాయి," అన్నాడు బాబాయి. "పోతే ఆ ఇంజనీరమ్మ కాలువ బాగానే ఉందని రాస్తుంది. పైన ఇంకో వరస లేస్తుంది. పై ఏడు ఎంత ఊడ్చినా వరద ఆగదు."

"ఊడవకపోతే ఈ ఏడే ఆగదు!"

"అదే నేననేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మీ అద్దం మాట వల్లే ఇదంతా," అని ఎవరో అన్నారు. బాబాయి కొట్టులోకి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

"చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా," అన్నారు నన్ను.

ఏడాది పొడవునా పిల్లలు అడిగినవాటికి ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంటాను. తెలియకపోతే రేపు చెబుతానంటాను. ఇది రేపు చెబుతానని అనగలిగేది కాదు. ఊడవమంటే పై ఏడు ఈ వీధినంతా ముంచినదాన్నవుతాను. వద్దంటే ఈ ఏడే ఇస్త్రీ అతని బిడ్డను, మా పాపను. నేను బావ వైపు చూశాను. బావ మిట్ట వైపు చూస్తున్నాడు.

"ఇంజనీరుకే కబురు పెడదాం," అన్నాను చివరికి. "ఇప్పుడే వచ్చి చూడమందాం. వాన కోసం ఆగొద్దని. ఆవిడ చూసి వెళ్ళాక ఊడ్చేద్దాం."

ఆ మాట అందరికీ నచ్చింది. ఈ పొద్దున బడికి వెళ్ళేముందు మున్సిపాలిటీకి నేనే వెళ్ళాను. ఇంజనీరు ఇంకో ఊళ్ళో పనిమీద ఉందట, వచ్చాక చెబుతామన్నారు.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. మిట్ట మీద గుంట తవ్వలేదు. ఇంజనీరు రాలేదు. కాలువ ఇంకా ఊడవలేదు.